పేచ్, పేచీ, పేచీదగీ

ఉర్దూ మీడియం బళ్లో మేం నేర్చుకున్న మాటల్లో "పేచ్" ఒకటి. మెలిక అని అర్థం. తిప్పి బిగించే మరమేకుకు కూడా అదే మాట. పతంగుల మాంజాలు ఒకదానికొకటి చుట్టుకుంటే "పేంచ్ పడింది" అంటాం కదా, అదీ ఇదే. డిగ్రీలో తెలుగు చదువుకున్నప్పుడు తెలిసింది, ఈ మాటే తెలుగింట్లోకొచ్చి "పేచీ" అయి కూర్చుందని. ఇక ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కును డాక్టర్లు కాంప్లికేషన్ అంటారే, దానికి ఉర్దూ మాట "పేచీదగీ". మరమేకు, తగాదా, చిక్కు ముగ్గురూ ఒకే ఖాందాన్ పిల్లలన్నమాట. నడుం ఆపరేషన్ల దగ్గర ఈ ముగ్గురూ ఒకే మంచం చుట్టూ చేరడం చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

పత్రికలో పనిచేసేవాడికి అన్నీ తెలుసని మనవాళ్ల యకీన్. నెలకు ఒకరిద్దరైనా ఫోన్ చేస్తారు. "భాయ్‌జాన్, అమ్మీకి కమర్‌లో స్క్రూలు వేయాలంటున్నారు. వేయించమంటారా, వద్దంటారా?" నేను డాక్టర్ని కాను. వేయించమనీ అనను, వద్దనీ అనను. కానీ ఒక విషయంలో నా రాయ్ గట్టిగా ఉంది. స్క్రూ పక్కకు పోవడం ఎక్కడైనా, ఎవరి చేతిలోనైనా జరగొచ్చు. పోయిందేమోనని వెంటనే వెతకకపోవడం, తెలిశాక ఇంటివాళ్లకు చెప్పకపోవడం, ఇవి మాత్రం జుల్మ్. మనం సవాల్ అడగకుండా తలూపడం ఆ మౌనానికి మదద్ చేస్తుంది.

ముందు అసలు ఏం చేస్తారో చూద్దాం. తెలియని దాని గురించి డరాయించడమూ తప్పే, భరోసా ఇవ్వడమూ తప్పే.

నడుం భాగంలో ఐదు వెన్నుపూసలుంటాయి. డాక్టర్ల లెక్కలో ఎల్1 నుంచి ఎల్5. వాటి కింద ఎస్1. ప్రతి పూసకూ ముందువైపు గుండ్రటి దిమ్మె, వెనక ఒక కమాన్. దిమ్మెకూ కమాన్‌కూ మధ్యలోంచి నరాల కట్ట కిందికి దిగుతుంది. కమాన్‌ను దిమ్మెతో కలిపేవి కుడివైపొకటి, ఎడమవైపొకటి ఉండే రెండు ఎముక వంతెనలు. వాటి పేరు పెడికిల్. చిన్న పాదం అనే అర్థమున్న లాటిన్ మాట అది. వెనక నుంచి స్క్రూ ఈ వంతెనలోకి దూరి, దాన్ని దాటి, ముందున్న దిమ్మెలో పట్టు దొరికించుకోవాలి. రెండు పూసల్ని కలపాలంటే నాలుగు స్క్రూలు, వాటిని జోడించే రెండు కడ్డీలు. ఇనుము ఒక్కటే పూసల్ని కలకాలం పట్టి ఉంచదు. అది స్లాబ్ కింద సెంట్రింగ్ లాంటిది. రోగి ఒంట్లోంచి తీసిన ఎముక ముక్కలో, మరో రకం గ్రాఫ్టో మధ్యలో పెడతారు. అది నెలల మీద పెరిగి, రెండు పూసలూ ఒకటైతేనే ఆపరేషన్ కామ్యాబ్. సెంట్రింగ్‌ను తర్వాత విప్పేస్తాం, వీటిని మామూలుగా లోపలే వదిలేస్తారు, అంతే తేడా. ఎముక అతకకపోతే ఎంత ఖరీదైన స్క్రూ అయినా ఏదో ఒకరోజు వదులవుతుంది, లేదా విరుగుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్లకూ, బీడీ సిగరెట్లు మాననివాళ్లకూ, ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకూ ఈ ఖత్రా ఎక్కువ. ఈ మూడూ మన ఇళ్లలో ఎంత మామూలో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఆ వంతెన సంగతి. స్క్రూ మందం ఆరేడు మిల్లీమీటర్లు, పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. వంతెన ఎల్5 దగ్గర కాస్త వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. సర్జన్ కళ్లకు వంతెన లోపలి భాగం కనిపించదు. పైన ఎముక ఆకారాన్ని గుర్తుపట్టి, ఒక కోణం ఎంచుకుని, ముందు సన్నటి దారి చేసి, కొసన గుండు ఉన్న తీగలాంటి పరికరంతో నాలుగు గోడలూ తడిమి చూసుకుని, అప్పుడు స్క్రూ తిప్పుతాడు. ఎక్స్‌రే యంత్రం పక్కనే ఉంటుంది. ఇది చేతి హునర్. సూది బెజ్జంలోకి దారం ఎక్కించే దర్జీ చేయి ఎలాంటిదో అలాంటిది. కాకపోతే ఇక్కడ సూది కూడా కనబడదు.

గోడ దాటితే ఏ వైపు దాటిందన్నదే సవాల్. బయటివైపుకు పోతే కండరంలోకి పోతుంది. నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, పట్టు మాత్రం తగ్గుతుంది. మరీ పొడవై ముందువైపు దాటితే అక్కడ పెద్ద రక్తనాళాలున్నాయి. గుండె నుంచి వచ్చే మహా ధమని దాదాపు ఎల్4 ఎదురుగానే రెండుగా చీలుతుంది. ఇలా జరగడం అరుదు, జరిగితే జాన్ ఖత్రా. పైవైపు కీలును ఒరుసుకుంటూ స్క్రూ తల కూర్చుంటే ఆ బాధ కొన్నేళ్ల తర్వాత బయటపడొచ్చు. అన్నిటికన్నా ఎక్కువగా నరానికి నుక్సాన్ చేసేది లోపలివైపు, కిందివైపు తప్పడం. ఎందుకంటే కాలికి పోయే నరం ఆ వంతెన లోపలి అంచునూ కింది అంచునూ దాదాపు రాసుకుంటూ బయటికొస్తుంది. ఎల్5 నరం దెబ్బతింటే బొటనవేలు పైకి లేవదు. మడమ దగ్గర పాదం వేలాడుతుంది. కాలికున్న చెప్పు జారిపోయినా తెలియదు.

స్క్రూ ఎంత తప్పిందో కొలవడానికి 1990లో గెర్ట్జ్‌బైన్, రాబిన్స్ అనే ఇద్దరు ఒక పద్ధతి ఇచ్చారు. ఈరోజుకీ అదే వాడుతున్నారు. పూర్తిగా ఎముకలోనే ఉంటే ఎ గ్రేడు. గోడ దాటింది 2 మిల్లీమీటర్లలోపైతే బి. 4 లోపు సి, 6 లోపు డి, ఆపైన ఇ. ఎ, బి రెండిటినీ మామూలుగా ఫర్వాలేదనే లెక్కేస్తారు. చేయి తిరిగిన ఉస్తాద్‌కైనా కొన్ని స్క్రూలు గీత దాటతాయి. వాటిలో చాలావాటి సంగతి రోగికి ఎప్పటికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాదు. కాబట్టి సీటీ స్కాన్‌లో స్క్రూ అంచు కాస్త బయట కనిపించగానే డాక్టర్ మీద ఇల్జామ్ వేయడం ఇంసాఫ్ కాదు. రోగి కాలు ఏం చెబుతోందో ముందు వినాలి.

మా ఫుప్పూ కాలు చెప్పింది. వినడానికి ఎవరూ లేరు.

ఆవిడకు ఎల్4 పూస ఎల్5 మీద ముందుకు జారింది. నాలుగడుగులేస్తే రెండు కాళ్లూ బరువెక్కి కూర్చుండిపోయేది. మూడేళ్లు మందులు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాక ఆపరేషన్‌కు ఒప్పుకుంది. ఆ ఫైసలా సరైనదేనని ఇప్పటికీ నా నమ్మకం. మత్తు దిగగానే పాత నొప్పి లేదు. కానీ కుడికాల్లో కొత్త నొప్పి. పిర్ర నుంచి బొటనవేలి దాకా నిప్పు కణికలు పోసినట్టుందని ఏడ్చింది. వేలు ఎత్తమంటే ఎత్తలేకపోయింది. "నరం వాపు, రెండు నెలల్లో అదే పోతుంది" అన్నారు. ఎక్స్‌రే చూపించి ఫస్ట్‌క్లాస్‌గా ఉందన్నారు. ఆరో రోజున డిశ్చార్జి. ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే, సబర్ చేయమన్నారు. మన ఆడవాళ్లకు సబర్ గురించి చెప్పడం ఎంత సులువో!

ఇరవై మూడో రోజున వేరే ఊళ్లో, వేరే డాక్టర్ సీటీ తీయించాడు. కుడి ఎల్5 స్క్రూ వంతెన లోపలి గోడ చీల్చుకుని నరాల దారిలోకి సగం వచ్చి కూర్చుంది. మళ్లీ కోసి, దాన్ని తీసి, సరైన దారిలో వేశారు. ఆ రాత్రే మంట చల్లారింది. వేలు మాత్రం పూర్తిగా లేవలేదు. ఇప్పుడు కాలికి ప్లాస్టిక్ పట్టీ వేసుకుని నడుస్తుంది. కుర్చీలో కూర్చుని నమాజ్ చదువుతుంది. సజ్దా పోయిందన్న దర్ద్ ఆవిడకు కాలి కన్నా ఎక్కువ. రెండో సర్జన్‌ను సూటిగా అడిగాను. రెండో రోజునే తీసి ఉంటే కాలు పూర్తిగా వచ్చేదా అని. "వచ్చేదని హామీ ఇవ్వలేను. ఛాన్స్ మాత్రం ఎక్కువ ఉండేది" అన్నాడు. ఆ జవాబులోని నిజాయితీకి నేను ఈరోజుకీ షుక్రియా చెప్పుకుంటాను.

మొదటి సర్జన్ చేతిలో హునర్ లేదని నేననను. వందల మందిని నడిపించినవాడే. నా షికాయత్ స్క్రూ మీద కాదు, ఆ ఇరవై మూడు రోజుల మీద. ఆపరేషన్ ముందు లేని కాలు నొప్పి, లేని బలహీనత మెలకువ రాగానే కొత్తగా కనిపిస్తే, స్క్రూ స్థానాన్ని సీటీలో చూడటం స్పైన్ సర్జన్లందరికీ తెలిసిన పాఠం. మామూలు ఎక్స్‌రే ఎముకల నీడల్ని ఒకదానిమీద ఒకటి చూపిస్తుంది. లోపలి గోడ చిరిగిందా లేదా దాంట్లో నమ్మకంగా తెలియదు. వాపు అయ్యుండొచ్చు, నిజమే. వాపే అని తేల్చుకోవడానికైనా స్కాన్ కావాలి కదా.

మా ఇంట్లో పెద్దవాళ్లు తక్దీర్ అన్నారు. వాళ్ల మాటను నేను కాదనను. ఆపరేషన్ గదిలో ఆ క్షణాన డ్రిల్లు ఒక మిల్లీమీటరు పక్కకు జరగడం తక్దీర్ అంటే సరే. స్కాన్ రాయకపోవడం మాత్రం ఒక మనిషి తీసుకున్న ఫైసలా. దానికి జవాబు అడగొచ్చు.

డాక్టర్ల వైపు మాట కూడా వినాలి. ఒక సర్జన్ దోస్త్ నాతో అన్నాడు: "స్క్రూ పక్కకు పోయింది, మళ్లీ సరిచేయాలి అని నేను చెప్పిన మరుక్షణం యాభైమంది ఫోన్లు పట్టుకుని కాజువాలిటీ అద్దాలు పగలగొడితే, రేపు ఇంకో డాక్టర్ నోరు తెరుస్తాడా?" జవాబు చెప్పలేకపోయాను. మన బస్తీల నుంచి అలా పోయినవాళ్లను నేనే రిపోర్ట్ చేశాను. అద్దం పగలగొట్టిన ప్రతిసారీ తర్వాతి రోగికి నిజం ఒక అడుగు దూరమవుతుంది. కోర్టులు కూడా ఈ ఫర్క్ చూశాయి. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందంది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో అదే కోర్టు, ప్రతి పొరపాటూ నేరం కాదనీ, క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలనీ, డాక్టర్లను మామూలుగా అరెస్టు చేసెయ్యకూడదనీ చెప్పింది. రెండూ కలిపి చదువుకుంటే దారి కనబడుతుంది. అడగండి, దావా వేయండి, చెయ్యెత్తకండి.

ఇక అసలు ఆపరేషన్ అవసరమా అనే మాట. ఇక్కడ నా రాయ్ కొంచెం కడక్‌గా ఉంటుంది. ఉట్టి నడుం నొప్పికి, పూస జారకుండా, విరగకుండా, నరం నొక్కుకోకుండా, కేవలం ఎంఆర్ఐలో "డిస్క్ అరిగింది" అని కనిపించినందుకు స్క్రూలు వేస్తామంటే రెండో మష్వరా లేకుండా కదలొద్దు. నలభై దాటిన మనిషి ఎవర్ని స్కాన్ తీసినా అరుగుదల కనిపించడం మామూలు, నాది తీసినా కనిపిస్తుంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మామూలు నడుం నొప్పికి ఫ్యూజన్ పరిశోధనలో భాగంగా తప్ప చేయొద్దని రాసింది. పూస జారి, నరాల దారి ఇరుకైనవాళ్ల విషయంలో కూడా బహస్ నడుస్తూనే ఉంది. ఇరుకు విప్పితే చాలా, దానితోపాటు స్క్రూలూ వేయాలా అని. 2016లో ఒకే పత్రిక, ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వేసింది. స్వీడన్‌లో 247 మంది మీద చేసినదాంట్లో స్క్రూలు కలిపినందుకు అదనపు ఫాయిదా కనబడలేదు. అమెరికాలో 66 మంది మీద చేసినదాంట్లో కొంత ఫాయిదా కనబడింది. 2021లో నార్వేలో పూస జారిన 267 మందిని రెండేళ్లు చూసి, ఇరుకు విప్పడం ఒక్కటే చేసినవాళ్లు వెనకబడలేదన్నారు. అంటే స్క్రూలు పనికిరావని కాదు. పూస బాగా కదులుతున్నవాళ్లకు, విరిగినవాళ్లకు, ఇన్ఫెక్షన్ తినేసినవాళ్లకు అవి నిజంగానే సహారా. "నాకు స్క్రూలు లేకుండా ఇరుకు మాత్రం విప్పితే సరిపోదా, ఎందుకు సరిపోదు?" అని అడగడం మాత్రం బద్‌తమీజీ కాదు. జవాబు ఉన్న డాక్టర్‌కు కోపం రాదు.

స్క్రూల మీద ఒకప్పుడు అమెరికాలోనే పెద్ద గొడవైంది. ఫ్రాన్స్‌లో రాయ్-కమీల్ 1960ల నుంచే వీటిని పెడికిల్‌లోంచి వేస్తున్నాడు. అమెరికాలో 1990ల్లో, ఈ వాడకానికి ఎఫ్‌డీఏ మంజూరు లేకుండానే ఇవి వేల నడుముల్లోకి వెళ్లాయని కేసులు వెల్లువెత్తాయి. ఒక కంపెనీ 1996లో 10 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. చివరికి 1998లో ఎఫ్‌డీఏ కొన్ని జబ్బులకు వీటిని తక్కువ ఖత్రా ఉన్న తరగతిలోకి మార్చింది. స్క్రూ బరీ అయింది, అనొచ్చు. ఎవరికి వేయాలన్న సవాల్ మాత్రం అలాగే మిగిలింది.

ఈ మధ్య హోర్డింగుల మీద రోబో వచ్చింది. రోబో ఉంటే, సీటీ నావిగేషన్ ఉంటే స్క్రూ సూటిగా పడే అవకాశం పెరుగుతుందన్నది నిజం. పెద్ద వంకరలకూ, రెండోసారి కోసే నడుములకూ అది చాలా మదద్. కానీ ఎవరికి కోయాలో రోబో చెప్పదు. రాత్రి రెండింటికి కాలు లేవడం లేదని నర్సు చెబితే లేచి వచ్చేది కూడా రోబో కాదు. నేనైతే యంత్రం పేరు కన్నా ముందు, "ఇలాంటివి మీరు నెలకెన్ని చేస్తారు? స్క్రూ మార్చాల్సి వచ్చిన కేసులు ఎన్ని?" అని అడుగుతాను.

మన ఇళ్ల గురించి ఒక మాట, కొందరికి గుచ్చుకుంటుంది. నడుం ఆడవాళ్లది, మష్వరా మగవాళ్లది. డాక్టర్ గదిలో కొడుకు మాట్లాడతాడు, అల్లుడు బేరమాడతాడు, అమ్మీ బురఖాలో మూల కుర్చీలో కూర్చుంటుంది. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుందో కొడుకు చెబుతాడు! ఇంగ్లిష్‌లో ఉన్న ఇజాజత్‌నామా మీద కొడుకే సంతకం పెడతాడు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: హోష్‌లో ఉన్న పెద్దమనిషి ఒంటి మీద కత్తి పెట్టాలంటే ఇజాజత్ ఆ మనిషిదే కావాలి. తల్లి ఇచ్చినా చెల్లదు. ఆ కేసులో నిజంగానే తల్లి సంతకం పెట్టింది. చేసే పని ఏమిటి, దాని ఖత్రాలేమిటి, వేరే దారులేమున్నాయి, చేయకపోతే ఏమవుతుంది, ఇవన్నీ రోగికి అర్థమయ్యేలా చెప్పాలంది కోర్టు. అమ్మీకి ఉర్దూలో చెప్పమనండి. తెలుగులో చెప్పమనండి. "కాలు పడిపోయే అవకాశం ఎంత?" అని అమ్మీనే అడగనివ్వండి. ఆపరేషన్ అయ్యాక కూడా "కొత్త నొప్పి" అని ఆవిడ అంటే, "మామూలేలే" అని ముందుగా అనేది మనమే కావడం నేను చాలాసార్లు చూశాను.

వార్డులో పక్కన ఉండేవాళ్లకు ఇది ముఖ్యం. ఆపరేషన్‌కు ముందు రోజే రెండు బొటనవేళ్లూ పైకి ఎత్తించి, పాదాలు కిందికి నొక్కించి ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. మెలకువ వచ్చాక మళ్లీ తీయండి. తేడా ఉంటే చూపించి, ఫైల్లో రాయమనండి. సీటీ ఎందుకు వద్దో కూడా రాయమనండి. రాయమంటే చాలాసార్లు స్కాన్ అయిపోతుంది. మూత్రం ఆగిపోయినా, మలం తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు. నర్సు వినకపోతే డ్యూటీ డాక్టర్, డ్యూటీ డాక్టర్ వినకపోతే సూపరింటెండెంట్. గొంతు పెంచొచ్చు, చెయ్యి మాత్రం జేబులో ఉంచుకోండి.

కాగితాల దగ్గరికొస్తే మనం మరీ బేఫికర్. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, మూడేళ్లు దాచి ఉంచాలి. మా ఫుప్పూ ఫైల్ కోసం నేను మూడు రకాల దరఖాస్తులు రాశాను. మూడోదానికి రసీదు సంతకం చేయించుకున్నాకే ఆపరేషన్ నోట్ బయటికొచ్చింది. దాంట్లో ఒక్కో స్క్రూ సైజు రాసి ఉంటుంది. స్క్రూల డబ్బా మీద ఉండే స్టిక్కర్లు, బ్యాచ్ నంబర్లతో సహా, ఫైల్లో అంటించి ఉండాలి. వాటి నకలు అడగండి. రేపు ఇంకో డాక్టర్ అవే స్క్రూలు విప్పాల్సి వస్తే ఏ కంపెనీవో తెలియక తగిన పానా కోసం తిప్పలు పడతాడు. స్కాన్ల సీడీ ఇంట్లోనే ఉంచుకోండి, పాత రిపోర్టులతోపాటు. ఫుప్పూవి అటక మీది ట్రంకు పెట్టెలో, నిఖానామా పక్కన పెట్టాం.